ఔన్సులో పదహారో వంతు

ఎర అంటే మట్టిలోంచి తవ్వుకునేది. కోనసీమలో ఏ కాలవగట్టు మీదైనా పలుగుతో నాలుగు పోట్లు పొడిస్తే కొబ్బరిచిప్ప నిండా ఎర్రలు దొరుకుతాయి. దానికి డబ్బులేమిటి? అమలాపురం దగ్గర పల్లెలో ముప్ఫైనాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు డెబ్భై ఏళ్లొచ్చేదాకా ఇదే అభిప్రాయంతో ఉన్నారు. అది కాస్తా మారింది టెక్సస్‌లో. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో, ఒక పెద్ద ఆటసామాన్ల దుకాణంలో, ఒక గోడ ముందు.

గోడంటే నిజంగా గోడే. మోకాలి ఎత్తు నుంచి చెయ్యి అందనంత పైదాకా వరసలు వరసలుగా ప్యాకెట్లు. ఒక్కోదాంట్లో పదో, పదిహేనో, పద్దెనిమిదో బుల్లి ప్లాస్టిక్ చేపపిల్లలు. చిటికెనవేలంత పొడుగు, జీడిలా మెత్తన. కొన్నింటికి తోక సూదిలా ఉంటుంది, కొన్నింటికి మెలి తిరిగి ఉంటుంది. తెలుపు, నలుపు, గులాబి, నిమ్మపండు ఆకుపచ్చ, మెరుపులద్దినవి, చీకట్లో వెలిగేవి. ఒక రంగు పేరు ‘మంకీ మిల్క్’ట! కోతిపాలు ఎవరు పితికారో, ఎవరు చూశారో!

ప్యాకెట్ నాలుగు డాలర్ల చిల్లర. అమెరికా వచ్చిన ప్రతి తెలుగు తండ్రిలాగే మాస్టారు కూడా మనసులో హెచ్చవేశారు. మూడున్నర వందలు దాటింది. ‘‘ఆ డబ్బుకి మా ఊళ్లో చేపే వస్తుంది కదండీ’’ అన్నారు పైకి. అల్లుడు నవ్వి, ‘‘మీకేది నచ్చితే అది తీసుకోండి మావయ్యగారూ, డబ్బు సంగతి మీకెందుకు’’ అన్నాడు.

ఆ సంగతే మాస్టారికి కావాలి. భార్య పోయాక ఒంటరిగా ఉన్నారని కూతురు పట్టుబట్టి పిలిపించుకుంది. ఫిబ్రవరిలో వచ్చారు, ఆరు నెలలుండాలి. ఇంట్లో ఏ లోటూ లేదు. పొద్దున్నే కాఫీ, బాత్‌రూమ్‌లో వేడినీళ్లు, హాల్లో తెలుగు ఛానెళ్లు. మనవడు స్కూలుకీ, పెద్దవాళ్లిద్దరూ కంప్యూటర్ల ముందుకీ వెళ్లిపోతే ఆ ఇంట్లో మాస్టారొక్కరే ఏ పనీ లేని మనిషి. పెన్షను అమలాపురం బ్యాంకులో పడుతూనే ఉంటుంది, ఇక్కడ మాత్రం టీ పొడి కావాలన్నా అల్లుడి కార్డే గీకాలి. వచ్చేటప్పుడు మార్పించుకున్న డాలర్లు కొన్ని పెట్టెలో కవరులో ఉన్నాయి. అల్లుడి గ్యారేజీలో, ఎప్పుడో సరదాకి కొని మూల పడేసిన సన్నటి గెడా రీలూ కనబడ్డ రోజున మాస్టారొక నిర్ణయానికొచ్చారు. చేపలు పడతారు. ఆ ఖర్చు కవరులోంచే పెడతారు. అదీ ఇరవై డాలర్లు దాటకుండా.

లైసెన్సు గొడవ తీరడం కూడా కలిసొచ్చింది. టెక్సస్‌లో చేపలు పట్టాలంటే మామూలుగా లైసెన్సు కొనాలి, పరాయి ప్రాంతం వాళ్లకైతే మరీ ఎక్కువ. అయితే స్టేట్ పార్కుల్లో గట్టు మీంచో పియర్ మీంచో పట్టేవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు. గేటు దగ్గర ప్రవేశ రుసుము ఇస్తే చాలు. ఫ్రిస్కో నుంచి కార్లో ముప్పావుగంట పోతే రే రాబర్ట్స్ సరస్సు. ట్రినిటీ నది పాయకి అడ్డకట్ట వేస్తే ఏర్పడిన జలాశయం అది. దాని ఒడ్డున ఐల్ డు బోయిస్ పార్కులో నీళ్లమీదికి కట్టిన పియర్ ఉంది. శనివారాలు అల్లుడు తాతనీ మనవణ్నీ అక్కడ దింపి, తను కార్లోనే లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాడు.

ఆ పియర్ మీద అందరూ అడిగేది క్రాపీ. అరచేతికన్నా కాస్త పెద్దగా, పలచగా, వెండిరంగు మీద నల్లమచ్చలతో ఉంటుంది. రెండు జాతులు. వెన్ను మీద ముళ్లు ఆరో అంతకు తక్కువో ఉంటే తెల్ల క్రాపీ, ఏడెనిమిదుంటే నల్ల క్రాపీ. లూసియానాలో దీన్నే ‘సాకలే’ అంటారు, ఫ్రెంచిలో పాలసంచి అనే అర్థం వస్తుంది. మాంసం అంత తెల్లన మరి. రాష్ట్రమంతటికీ వర్తించే నిబంధన ప్రకారం పది అంగుళాలకి తగ్గినవి వదిలెయ్యాలి, మనిషికి రోజుకి పాతిక మించకూడదు. నీళ్లలో మునిగిన చెట్లకొమ్మల దగ్గర గుంపుగా చేరతాయి. మూతి చుట్టూ ఉన్న చర్మం కాగితమంత పలచన. గట్టిగా గుంజితే చిరిగిపోయి చేప జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనదొకటుంది. కళ్లు తలమీద పైకి ఉంటాయి కాబట్టి తనకన్నా ఎగువన కదిలేదాన్నే చూస్తుంది. కిందకి దిగిపోయిన ఎర ఎంత ఖరీదైనదైనా దానికి లేనట్టే.

ఎర్రలతో పట్టచ్చు కదా అంటే పట్టచ్చు. కానీ పియర్ కింద తిరిగే చిల్లర చేపలు దాన్ని క్షణంలో కొరుక్కుపోతాయి. బతికున్న చేపపిల్లలైతే క్రాపీకి ప్రాణం. వాటిని డజన్ల లెక్కన అమ్ముతారు. ప్రతివారం మళ్లీ కొనాలి, బకెట్లో ఊపిరాడేలా చూడాలి, మధ్యాహ్నానికి సగం తేలిపోతాయి. ప్లాస్టిక్ పిల్లకి ఆ బాధ లేదు. చిరిగేదాకా అదే, డబ్బాలో ఏడాదైనా ఉంటుంది. అందుకే డబ్బు చూసుకునేవాళ్లంతా ఆఖరికి జిగ్గుల దగ్గరికే వస్తారు.

జిగ్గంటే మరేం లేదు. గేలపు కొక్కెం మెడ దగ్గర పోతపోసిన చిన్న సీసపు గుండు. ఆ కొక్కేనికి ప్లాస్టిక్ పిల్లని మల్లెమొగ్గ గుచ్చినట్టు గుచ్చుతారు. గుండు విడిగా, ఒళ్లు విడిగా అమ్ముతారు. కొత్తవాళ్లు ఒళ్లున్న గోడ ముందు అరగంట నిలబడి, గుండ్లున్న మూలకి అరనిమిషంలో వెళ్లొచ్చేస్తారు. మాస్టారి మొదటి శనివారమూ అలాగే గడిచింది. మనవడికి నచ్చిన గులాబిరంగు మెలితోక ప్యాకెట్టూ, చేతికందిన గుండ్లూ తెచ్చారు. వేసిన ప్రతిసారీ అది గుభీమని అడుక్కి పోయి కొమ్మల్లో ఇరుక్కుంది. మధ్యాహ్నానికి ఐదు జిగ్గులు పోయాయి. చేప లేదు.

పక్కన మడతకుర్చీలో ఒక ముసలాయన. మాసిన టోపీ, మాట్లాడితే సగం మాటలు పంటికిందే ఉండిపోయే యాస. ఆయన బకెట్లో ఏడో ఎనిమిదో వెండిపళ్లాలు టపటపలాడుతున్నాయి. కాసేపు చూసి చూసి, మాస్టారి గుండ్ల ప్యాకెట్ తీసుకుని దానిమీద అంకె చూపించాడు. 1/8. తన డబ్బా తెరిచి ఇంకోటి చూపించాడు. 1/32. ‘‘ఇది నెమ్మదిగా దిగుతుంది. చేపకి ఆలోచించుకునే టైమివ్వాలి’’ అన్నాడు.

లెక్కల మాస్టారికి భిన్నాలు చూపించడం! ముప్ఫైనాలుగేళ్లలో ఎన్ని వందలమంది పిల్లలు ‘ఎనిమిది కన్నా ముప్ఫైరెండు పెద్దది కాబట్టి ముప్ఫైరెండో వంతే పెద్దదండి’ అని చెప్పారో, ఎన్నిసార్లు జాంపళ్లు కోసి చూపించాల్సి వచ్చిందో! ఔన్సులో ఎనిమిదో వంతంటే మూడున్నర గ్రాములు. పదహారో వంతంటే ఒకటిముప్పావు. ముప్ఫైరెండో వంతు గ్రాము కూడా ఉండదు. దుకాణంలో అవన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ధరకి కొంచెం అటూ ఇటుగా వేలాడుతుంటాయి. నీళ్లలో మాత్రం వాటికి పోలికే ఉండదు. బరువైనది రాయిలా పోతుంది, తేలికైనది రాలిన వేపాకులా దిగుతుంది. చలికాలపు నీళ్లలో క్రాపీ బద్ధకంగా ఉంటుంది, పరుగెత్తదు. దాని కళ్ల ముందు నుంచి నింపాదిగా దిగినదాన్నే నోట్లో వేసుకుంటుంది.

అయితే ముప్ఫైరెండో వంతు మాత్రమే కొని ఊరుకోవడానికి లేదు. గాలి లేస్తే ఆ తేలికది దారంతోపాటు పక్కకి కొట్టుకుపోతుంది, దూరం విసరడం కూడా కష్టం. అందుకే ఎక్కువమంది పదహారో వంతుని ఇంటి మనిషిలా పెట్టుకుని, నిశ్చలంగా ఉన్న రోజుకి ముప్ఫైరెండో వంతుని దగ్గర ఉంచుకుంటారు. దారం ఆరు పౌండ్ల బలం దాటకుండా సన్నగా ఉండాలి. మోకులాంటి దారానికి గ్రాము బరువు కడితే అది దిగనే దిగదు.

ఇంకో చిత్రం ఉంది. గుండ్లలో చవకరకం వాటికి కొక్కెం సన్నటి బంగారురంగు తీగతో ఉంటుంది. చూస్తే నాసిరకంలా అనిపిస్తుంది. క్రాపీకి అదే సరైనది. కొమ్మకి పట్టుకున్నప్పుడు దారాన్ని నిదానంగా లాగితే ఆ తీగ సాగి, తెరుచుకుని బయటికొచ్చేస్తుంది. పటకారుతో మళ్లీ వంచుకుంటే సరి. ఖరీదైన మందపు కొక్కెమైతే ఒంగదు. దారమే తెగి, గుండూ ఒళ్లూ కలిపి నీళ్లపాలు. రెండో శనివారం నుంచి మాస్టారు పోగొట్టుకున్న జిగ్గులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఇక ఒళ్ల సంగతి. మెలితోక అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ తోక ఆడాలంటే జిగ్గుని లాగుతూ ఉండాలి. వేసవిలో, నీళ్లు మురికిగా ఉన్నప్పుడు ఆ అలజడి పనికొస్తుంది. బెండు కట్టి ఒకేచోట వేలాడదీసేవాళ్లకి అది చచ్చినట్టు పడి ఉంటుంది. సూదితోక అలా కాదు. బెండు చిన్న అలకి ఊగినా, చేతివణుకు దారం వెంట పోయినా తోక చివర సన్నగా అదురుతుంది. బాబీ గార్లండ్ వాళ్ల రెండంగుళాల బేబీ షాడ్ అలాంటిదే, పియర్ మీద సగంమంది డబ్బాల్లో కనబడేదీ అదే. మరోటి గొట్టంరకం. లోపల బోలుగా, కింద గౌను అంచులా పీలికలతో ఉంటుంది. అదీ నెమ్మదిగా దిగుతుంది, పీలికలు వాటంతటవే విచ్చుకుంటాయి. పేరున్న కంపెనీదా కాదా అన్నది ఇందులో పెద్ద ప్రశ్న కాదు. వేళ్ల మధ్య నొక్కి చూస్తే తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే కొనచ్చు, చెప్పుల రబ్బరులా గట్టిగా ఉంటే తోక ఆడదు, ఎంత చవకైనా దండగే.

రంగుల దగ్గర మాత్రం మాస్టారు మనవడితో వాదన పెట్టుకోవలసి వచ్చింది. వాడికి అన్నీ కావాలి. నిజానికి గోడమీది ఆ డెబ్భై ఎనభై రంగుల్లో చాలామటుకు మనుషులకి వేసిన గేలాలే. నీళ్లు తేటగా ఉంటే వెలుగు దూరిపోయేలా పలచటి తెలుపో బూడిదో, కాస్త మెరుపుతో. మట్టినీళ్లయితే నలుపూ నిమ్మపచ్చా కలిసినది, నీడలా కొట్టొచ్చినట్టు కనబడేది. ఈ రెండూ ఉంటే ఏడాది గడుస్తుంది. చేప ఉన్న లోతుకి చేరని పది రంగులకన్నా ఆ లోతులో నిలబడ్డ ఒక్క రంగు నయం. ముసలాయన డబ్బాలో ఉన్నవీ రెండే రంగులు.

అలా రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు మాస్టారి చేతిలో చీటీ ఉంది. పదహారో వంతు గుండ్లు ఒక ప్యాకెట్, ముప్ఫైరెండో వంతువి ఒకటి. సూదితోకలు తెల్లవి ఒకటి, నలుపు-నిమ్మపచ్చ ఒకటి. పన్నుతో కలిపి పదిహేను డాలర్ల చిల్లర. అల్లుడు కార్డు తీసేలోపు కవరులోంచి నోట్లు తీసి కౌంటర్ మీద పెట్టేశారు. ‘‘ఇదేంటండీ మావయ్యగారూ’’ అని అతను నొచ్చుకున్నాడు. ‘‘ఉండనీ బాబూ, ఇది నా పద్దు’’ అన్నారు.

పద్దంటే నిజంగానే పద్దు. మనవడి పాత నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాసుకున్నారు. తేదీ, గాలి, లోతు, పోయిన జిగ్గులు, దొరికిన చేపలు. ప్యాకెట్ ఒళ్లు ఎన్నాళ్లొచ్చిందో కూడా. చిరిగిన ఒళ్లని పారెయ్యరు. తల దగ్గర చిరిగితే పావంగుళం కోసేసి మళ్లీ గుచ్చుతారు, కాస్త పొట్టిదవుతుంది, చేపకేం అభ్యంతరం లేదు. గుండు దగ్గర జారిపోతుంటే ఒక్క చుక్క సూపర్ గ్లూ. రెండు రంగులూ ఒకే అరలో పెడితే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. కొన్నిరకాల సాగే ప్లాస్టిక్‌ని మామూలుదానితో కలిపి పెడితే రెండూ కరిగి జిగురుముద్దవుతాయి. కాబట్టి దేని ప్యాకెట్లో దాన్నే ఉంచాలి. పనికిరాని ముక్కల్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవారు. నీళ్లలో పారేస్తే చేపలు మింగుతాయి, అరగదు. సీసం ముట్టుకున్న చేత్తో పులిహోర డబ్బా తెరవబోతే మనవడే, ‘‘తాతయ్యా, హ్యాండ్ వాష్’’ అని గుర్తుచేసేవాడు.

మార్చి ఆఖరుకి నీళ్లు వెచ్చబడ్డాయి. క్రాపీ గుడ్లు పెట్టే కాలమది. నీటి వేడి పదహారు, ఇరవై సెంటిగ్రేడు డిగ్రీల మధ్యకొస్తే లోతుల్లోంచి గట్టు దగ్గరికి చేరతాయి. మగచేప ఒళ్లు నల్లబడుతుంది, గూడుకి కాపలా కాస్తుంది. ఏడాదిలో చవకగా చేపలు దొరికే రోజులవే. ఆ శనివారం మాస్టారు బెండుకి రెండడుగుల కింద పదహారో వంతు కట్టి, తెల్ల సూదితోక గుచ్చి వదిలారు. బెండు మునగలేదు, పక్కకి పడుకుంది. క్రాపీ ఎరని అందుకుని పైకి వస్తే బరువు తేలికై బెండు అలాగే పడుకుంటుంది. కోనసీమ కాలవలో జీలుగుబెండు మునగడమే చూసినవాళ్లకి అది వింత. నెమ్మదిగా ఎత్తారు, గుంజలేదు. పన్నెండంగుళాలు.

ఆరోజు తొమ్మిది దొరికాయి. కూతురు మొదట పులుసు పెట్టబోయింది. మెత్తటి మాంసం, ముక్క విడిపోతుందని మాస్టారే వద్దన్నారు. అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెనం మీద వేపించారు. నలుగురూ తిన్నారు. ‘‘నాన్న తెచ్చిన చేపలు’’ అని కూతురు ఎవరికో ఫోన్లో చెబుతుంటే ఆయన టీవీ చూస్తున్నట్టు కూర్చున్నారు. కవరు ఖర్చుని ముక్కల్లో భాగించి చూస్తే, చేపల దుకాణం బిల్లు కన్నా తక్కువే తేలింది.

ఆ బిల్లులు చూసే అలవాటే ఆయనకి ఇంకో సంగతి చెప్పింది. ఏప్రిల్లో సరుకుల చీటీలు పొట్టివయ్యాయి. వారం వారం వచ్చే పండ్లపెట్టె రాలేదు. రాత్రిళ్లు గదిలో మాటలు గుసగుసలయ్యాయి. అల్లుడి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. హెచ్-1బి వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువని మాత్రం, పార్కులో నడిచే తోటి తండ్రులు మాట్లాడుకుంటుంటే విని ఉన్నారు.

ఒక మంగళవారం పొద్దున మనవణ్ని స్కూల్లో దింపి వచ్చిన అల్లుడు, కారు ఆపకుండానే, ‘‘సరస్సుకి వెళదామా మావయ్యగారూ? ఇవాళ నాకు పనేం లేదు’’ అన్నాడు. లాప్‌టాప్ సంచి వెనకసీట్లో లేదు.

మాస్టారు గెడ తెచ్చుకుని ఎక్కారు. దారిలో గుర్రాలు మేసే పచ్చిక మైదానాలు వస్తే వాటి గురించి రెండు ముక్కలు మాట్లాడారు. పియర్ మీద వారంరోజు కాబట్టి జనం లేరు. గాలీ లేదు. డబ్బా తెరిచి, అందులో మిగిలిన రెండు ముప్ఫైరెండో వంతుల్లో ఒకటి తీసి, తెల్ల ఒళ్లు తిన్నగా వచ్చేలా గుచ్చి, గెడ అల్లుడి చేతికిచ్చారు. బెండు తీసేశారు.

‘‘దారం వదిలి లెక్కపెట్టు బాబూ. మొన్న పన్నెండు దగ్గర కొట్టింది. పదకొండుకి ఆపితే పైనే ఉంటుంది, చూస్తుంది.’’

‘‘కొమ్మకి పట్టుకుంటే పోతుందేమో, రెండే ఉన్నాయి కదండీ.’’

‘‘పోతే పోనీ. కంగారుపడి గుంజకు. కొక్కెం సాగుతుంది, వచ్చేస్తుంది.’’

అల్లుడు దారం వదిలాడు. ఒకటి, రెండు అని పెదవుల్లోనే లెక్కపెడుతున్నాడు. మాస్టారు నోటుపుస్తకం తెరిచి తేదీ రాసి, గాలి గడిలో సున్న చుట్టారు.